ఫూర్నియేవారి ప్రవర

మా అల్లుడి ఇంటిపేరు ఫూర్నియే. శుభలేఖ అందుకున్న మనవాళ్ళంతా దాన్ని ఫోర్నియర్ అనే చదివారు. తెలిసినావిడ ఒకరు వాంకూవర్ నుంచి ఫోన్ చేసి, ఇంతకీ వాళ్ళేవిట్లు అని కూడా అడిగింది. దేశం మారినా అడగడం మారదు. మనం ఎవరి ఇంటిపేరైనా అడిగామంటే పేరు కోసం కాదు, దాని వెనకాల ఉన్నదేదో తెలుసుకోవడం కోసం. నాకు ఒళ్ళు మండి, "బట్టీవాళ్ళు" అని చెప్పి పెట్టేశాను.

అబద్ధమేమీ ఆడలేదు. ఫ్రెంచిలో ఆ పేరుకి అర్థం అదే. ఆ సంగతి నాకు చెప్పింది అల్లుడి అమ్మమ్మ. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. మేముండే గ్వెల్ఫ్‌లో మా వంటింటి కిటికీ పక్క కుర్చీ చూస్తే ఇప్పటికీ ఆవిడే గుర్తొస్తుంది. పెళ్ళికి ముందు క్యుబెక్‌లోని తన పల్లెటూరు నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. ఎనభై దాటిన మనిషి, పొట్టిగా, నిటారుగా ఉండేది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు ఫ్రెంచి బొత్తిగా రాదు. మా అమ్మాయి మధ్యలో కూర్చుని అటుదిటు, ఇటుదటు చెప్పేది. మా ఇంట్లో అందరూ అమ్మమ్మగారూ అంటుంటే, రెండో రోజుకల్లా ఆ పిలుపుకి పలకడం నేర్చేసుకుంది.

పూర్వం ఫ్రాన్సులో రొట్టెలు కాల్చే బట్టీ ఊరికంతటికీ ఒక్కటే ఉండేదట. అది జమీందారుది. ఎవరి పిండి వాళ్ళు కలుపుకుని అక్కడికే తీసుకెళ్ళాలి, కాల్చినందుకు అందులో కొంత ఇచ్చుకోవాలి. ఆ బట్టీ చూసుకునేవాడే ఫూర్నియే. ప్రతి ఊళ్ళోనూ బట్టీ, ప్రతి బట్టీకీ ఒకడు. అందుకే ఆ పేరు అంతలా పెరిగిపోయిందని ఆవిడ చెప్పింది. వాళ్ళ ఊరి శ్మశానంలో ఏ వరసలో చూసినా ఒకరో ఇద్దరో ఫూర్నియేలు ఉంటారట. వాళ్ళలో చాలామందికి రొట్టె చేయడమే రాదని నవ్వింది. ఆవిడ తండ్రి జీవితమంతా రంపపు మిల్లులో దుంగలు కోశాడు.

ఇది వింటుంటే నాకు తెనాలి గుర్తొచ్చి ఆగలేకపోయాను. వేసవి సెలవుల్లో మా నానమ్మ మైదా, పంచదార, డాల్డా డబ్బాల్లో సర్ది నన్ను బేకరీకి పంపేది. పిండి మనది, కాల్చే కూలి అతనిది. ఆ పిండితోనే బిస్కెట్లు చేసి రేకు డబ్బా నింపి ఇచ్చేవాడు. మన డాల్డా నొక్కేసి వేరేవాళ్ళ పిండి అంటగడతాడేమోనని నానమ్మకి ఒకటే అనుమానం. కాపలాకి నన్ను బట్టీ ఎదురుగా బల్ల మీద కూర్చోమనేది. పొడుగాటి కర్రకి బిగించిన చెక్కతో అతను పళ్ళేలు లోపలికి తోసేవాడు. ఆ సెగ, ఆ కమ్మటి వాసన, చేతిలో పడే విరిగిన ముక్క. అంత సుఖంగా మళ్ళీ ఎక్కడా కూర్చున్న గుర్తు లేదు నాకు. అమ్మాయి ఇదంతా ఫ్రెంచిలో చెబుతుంటే అమ్మమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పిండి నొక్కేస్తారనే అపవాదు వాళ్ళ పూర్వీకుల మీద కూడా ఉండేదట.

పెళ్ళి మంత్రాలు మాట్లాడటానికి పంతులుగారు ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. ప్రవర చెప్పాలి కదా, పెళ్ళికొడుకు గోత్రం, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు కావాలన్నారు. ఆ ఇంటిపేరు అల్లుడికి తండ్రి వైపు నుంచి రాలేదని మాకు ముందే తెలుసు. అమ్మమ్మగారికి పెళ్ళి కాలేదు. ఆ రోజుల్లో, ఆ పల్లెటూళ్ళో, పెళ్ళి కాకుండానే కూతుర్ని కని తన ఇంటిపేరే పెట్టుకుంది. ఆ కూతురూ కొడుక్కి తన ఇంటిపేరే పెట్టింది. వాడి తండ్రి తన దారి తాను చూసుకున్నాడు. కూతురు జబ్బు చేసి పోతే, వాణ్ణి పెంచి పెద్ద చేసింది అమ్మమ్మే.

విషయం చెబితే పంతులుగారు కంగారేమీ పడలేదు. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం ఎలాగూ ఉంది, పెద్దల పేర్ల చోట దేవుళ్ళ పేర్లు పెట్టేద్దాం, ఇక్కడ మామూలేనమ్మా అన్నారు. మా ఆయన హమ్మయ్య అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఆవిడకి ఒక మాట చెప్పమన్నాను అమ్మాయితో.

ఆవిడ చేతిలోని కప్పు బల్ల మీద పెట్టేసింది. తర్వాత మెల్లగా ఏదో చెప్పింది. అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పింది.

"కూతురు పుట్టినప్పుడు వాళ్ళ చర్చి ఫాదర్ కూడా ఇదే అన్నాడంటమ్మా. ఎవడో ఒక మగాడి పేరు చెప్పు, రాసేసుకుంటా అని. తను తన పేరే చెప్పిందట. ఈ వయసులో నాకు దొంగ మొగుడు వద్దు అంటోంది."

పెళ్ళికి తప్పకుండా వస్తాననీ, ఆ మంత్రం చదివేటప్పుడు మాత్రం హాలు బయట కూర్చుంటాననీ కూడా అంది. కోపంతో కాదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని. సాయంత్రం వచ్చిన అల్లుడికి ఇది తెలిసి, అమ్మమ్మ బయట కూర్చుంటే తానూ బయటే కూర్చుంటానన్నాడు. శుభలేఖలు పంచేశాం, హాలు మాట్లాడేశాం, పెళ్ళి ఇలా గాల్లో వేలాడింది.

నాకు పంతులుగారి మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఆయన తప్పేమీ లేకపోయినా. నిజానికి ఆ కోపం చాలా పాతది. నా పుట్టింటిపేరు నా పెళ్ళిపీటల మీదే దిగిపోయింది. మా నాన్నకి నేనొక్కదాన్నే కావడంతో ఆ పేరు మా ఇంట్లో అక్కడితో ఆగింది. రేపు మా అమ్మాయి పెళ్ళిలో మా ఆయన తాతతో సహా అందరినీ తలుస్తారు. కన్న నన్ను గానీ మా అమ్మని గానీ తలచుకునే చోటు అందులో లేదు. అది ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదంటే ఏమనాలి.

ఫోన్ తీసి పంతులుగారినే అడిగాను.

"ఉన్న మనుషుల్ని వదిలేసి లేనివాళ్ళని ఎందుకు చెప్పాలండీ? పెంచినావిడ ఎదురుగా కూర్చుని ఉంటుంది కదా."

ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు, ఆలోచించి చెబుతానన్నారు. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు.

"దౌహిత్రుడు అని మాట ఉందమ్మా, కూతురి కొడుకు. తాతకి పిండం పెట్టే అర్హత కూడా ఉంది అతనికి. ఆ మాట పెట్టి ఆడవాళ్ళ పేర్లే చదువుతాను. మీ పెద్దవాళ్ళెవరైనా అడిగితే మాత్రం జవాబు మీరే చెప్పుకోవాలి."

గోత్రం కాశ్యపే ఉంచారు. కశ్యపుడు సకల ప్రాణులకీ తండ్రి అని చెబితే, అలాంటివాడైతే ఫరవాలేదంది అమ్మమ్మగారు. ముత్తాత చోట ఎవరిని చెప్పాలంటే, దుంగలు కోసిన తన తండ్రిని చెప్పమంది. ఊరంతా మొహం తిప్పుకున్నప్పుడు మంచులో బండి కట్టి ఆవిడనీ పసిపిల్లనీ చర్చికి తీసుకెళ్ళింది ఆయనేనట.

పెళ్ళిరోజు, ఎటోబికోలో మేం మాట్లాడుకున్న హాలు. ముందు వరసలో ఆవిడకి కుర్చీ వేశాం. మా అమ్మాయి ఆవిడకి కట్టిన చీర, దాని మీద తన ఉన్ని కోటు. వచ్చి కూర్చుందే గానీ చూపు మాత్రం తలుపు మీదే ఉంది. ప్రవర మూడుసార్లు చదువుతారు. మొదటిసారి ఆ సంస్కృతంలో ఆవిడకేమీ అందలేదు. రెండోసారి పంతులుగారి నోట ఫూర్నియే అన్న మాట వినబడి తలెత్తింది. ఆ వెంటనే తండ్రి పేరు, తన పేరు, పోయిన కూతురి పేరు, వరసగా. కన్యాదానానికి ఇంకా పీటలెక్కక పక్కనే ఉన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోసారి తన పేరు రాగానే కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. ఏం కావాలో అని ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ ఎవరినీ చూడలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడు పలికినట్టు, హాలంతా వినబడేలా, ఉన్నాను అంది ఫ్రెంచిలో.

పీటల మీద అల్లుడు తలవంచుకుని ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. హోమం ఇంకా వెలిగించలేదు, నెపం పొగ మీద పెట్టడానికి కూడా లేదు.