ఒక సంతకానికి ఇచ్చుకున్న వాక్యం

నా జీవితంలో చేసిన బేరాలన్నింటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: ఒక పెద్దమనిషి సంతకాన్ని ఒకే ఒక్క వాక్యం ఇచ్చి కొన్నాను. మా కొత్తపేట బజారులోకి వీటో అనే సరుకును దింపిన ఘనత నాది. అంతకన్నా పుచ్చు సరుకు ఆ బజారులో ఎవరూ ఏనాడూ దింపలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను గాని, దింపిన రోజున మాత్రం, అప్పటికి ఉన్న పిసరంత మీసాన్నే మెలివేసుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మొన్న మధ్యాహ్నం భోజనం చేస్తూ చూసిన టీవీ వార్తలు. ఎక్కడో యుద్ధం. కాల్పులు ఆపండి, తిండి బళ్ళను లోపలికి పోనివ్వండి అని భద్రతా మండలిలో ఒక తీర్మానం. వంపు బల్ల చుట్టూ వరసగా చేతులు లేచాయి. వద్దనేవారెవరని అడిగితే ఒక్క చెయ్యి లేచింది. అంతే, తీర్మానం పోయింది, వార్తలు చదివే అమ్మాయి చిరునవ్వు చెదరకుండా బంగారం ధరలోకి వెళ్ళిపోయింది. నేను కంచం ముందు నుంచి లేచి అరిచేశాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను. మా ఆవిడ పెరుగు గిన్నెతో వచ్చి, "ఆ చెయ్యెత్తినాయన మనకేమైనా చుట్టమాండీ, అంత ఇదిగా తిడుతున్నారు?" అంది.

చుట్టమే. ఆ మాట పైకి అనలేక ఆ పూట పెరుగన్నం మానేశాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సాంఘిక శాస్త్రం పుస్తకంలో చివరెక్కడో, పరీక్షలు దగ్గర పడ్డాక హడావిడిగా చెప్పే చోట, ఐక్యరాజ్య సమితి పాఠం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక నానాజాతి సమితి అని ఒకటి పెట్టుకున్నారనీ, అది రెండో యుద్ధాన్ని ఆపలేక చతికిలబడిందనీ, ఆ యుద్ధం ముగుస్తూ ఉండగా యాభై దేశాల వాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని కొత్త పత్రం రాసుకున్నారనీ చదువుకున్నాం. సమితికి అంగాలు ఆరు. ఐదు వేళ్ళమీద ఐదూ చెప్పేసి ఆరోదాని దగ్గర అందరం ఆగిపోయేవాళ్ళం. అది సచివాలయం. "పెళ్ళిలో అందరినీ తలుచుకుని వంటవాణ్ణి మరిచిపోతే ఎలాగర్రా" అనేవారు మా మేష్టారు. ఆయన ఆ పాఠాన్ని హడావిడిగా చెప్పేవారు కాదు, అది మా తలకి అక్కర్లేనంత వివరంగా చెప్పేవారు. సర్వప్రతినిధి సభలో చిన్న దేశానికీ పెద్ద దేశానికీ ఒకటే ఓటు. భద్రతా మండలిలో మాత్రం శాశ్వత సభ్యులైన ఐదు పెద్ద దేశాలలో ఏ ఒక్కటి కాదన్నా తీర్మానం చెల్లదు, అదే వీటో. ఇదేం న్యాయమండీ అని చిన్న దేశాలు అప్పుడే గొణిగాయట. ఆ హక్కు ఇవ్వకపోతే మేము రామని పెద్దవాళ్ళన్నారు, పెద్దవాళ్ళు లేకపోతే సమితే లేదు గనక చిన్నవాళ్ళు సంతకాలు పెట్టేశారు. దాన్ని నేను పాఠంగా వినలేదు, వ్యాపార సూత్రంగా విన్నాను. అక్కడే వచ్చింది తంటా.

మాది ఇనప సామాను కొట్టు. బజారు వీధికి తూర్పు వరస ఒకటి, పడమటి వరస ఒకటి. ఏ వరస పందిరి గుంజలు రోడ్డుమీదికి ఎంత జరగాలన్న దానిమీద రెండు వరసలకీ ఏళ్ళతరబడి పడేది కాదు. పాత వర్తక సంఘం ఒకటి ఉండేది, దానికి బోర్డు తప్ప మరే అవయవమూ లేదు. నేను చదువు చాలించి కొట్లో కూర్చున్న కొత్తల్లో ఒక దసరా ముందు ఆ తగవు ముదిరి, తూకం రాళ్ళు గాలిలోకి లేచాయి, గుంజలు విరిగాయి, నలుగురి తలలు పగిలాయి, వారంపాటు బజారంతా తలుపులు వేసుకుంది. ఇరు పక్షాలూ పట్టుకుని తిరిగిన గునపాలు మా కొట్లో కొన్నవేనని చెప్పకపోతే అబద్ధమాడినవాణ్ణవుతాను. ఆ విధంగా చూస్తే శాశ్వత సభ్యత్వానికి మాకు అన్ని అర్హతలూ ఉన్నాయి.

అప్పుడు మేష్టారు పూనుకున్నారు. అప్పటికే ఉద్యోగ విరమణ చేసి, ఆదివారం చర్చి నుంచి వస్తూ మా కొట్టు ముందు ఆగి నాన్నతో మాట్లాడి వెళ్ళేవారు. బజారుకి ఒక సమితి కావాలన్నారు, నియమాలు ఆయన చెబుతుంటే నేను రాశాను. ప్రతి కొట్టుకీ ఒక ఓటుతో సర్వసభ్య సభ. ఐదు పెద్ద కొట్ల వాళ్ళతో ఒక మండలి: బియ్యం, కొబ్బరి, బంగారం, గుడ్డలు, ఇనుము. కార్యదర్శిని నేను, అంటే ఆ ఆరో అంగాన్ని. పెద్దలకు కాదనే హక్కు ఇవ్వనిదే రారని మేష్టారికి నచ్చజెప్పింది కూడా నేనే. ఆయన చాలాసేపు ఆలోచించి, అయితే దాని కింద ఒక వాక్యం రాయమన్నారు: తగవులో తాను పక్షమైన వాడు ఆ తగవు మీద ఓటు వేయరాదు.

నలుగురు పెద్దలు సంతకం పెట్టారు. మిగిలింది గుడ్డల కొట్టు, అది మా మేనమామది. ఆయన తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని, నాకు గోలీసోడా తెప్పించి, కాగితాలన్నీ చదివి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఒరే అల్లుడూ, నా కొట్టు సంగతి నా ఎదురుగుండానే తేలుస్తూ నన్ను నోరు మూసుకోమంటారేంట్రా? ఇదేం వింత?"

"ఈ లైను తీసేస్తే పెడతావా మావయ్యా?"

"తియ్యి. పెడతాను."

ఎర్రసిరాతో కొట్టేశాను. పెట్టాడు. సోడా కూడా ఆయన లెక్కలోనే. ఇంటికి వెళ్ళి చెబితే, ఏమిచ్చావురా అని నాన్న అనుమానంగా అడిగాడు; ఏమీ ఇవ్వలేదు నాన్నా, ఒక మాట తగ్గించానంతే అన్నాను. మేష్టారు మాత్రం ఆ ఎర్రగీతను చూసి, "బాబూ, ఆ వాక్యం మీ మావయ్యదీ కాదు, నాదీ కాదు. ఎవరిదో వాళ్ళనడక్కుండా ఇచ్చేసేవు" అన్నారు. ఆయనకు బేరం తెలియదనుకున్నాను. శుద్ధప్రతిని అందరికీ చదివి వినిపించేటప్పుడు ఆ చోటుకి రాగానే కాస్త దగ్గాను, ఎవరూ పట్టించుకోలేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు, సమితి మంచే చేసింది. గుంజలకు హద్దు గీయించింది, కాలువ పూడిక తీయించింది, వేసవిలో మంచినీళ్ళ కుండలు పెట్టించింది, కలరా సూదులు వేయించింది. ఐక్యరాజ్య సమితి నీలిటోపీ సైనికుల మాదిరి నీలం తువ్వాళ్ళ వాళ్ళని నలుగురిని పెట్టాం, వరసకి ఇద్దరు చొప్పున. గొడవ లేచిన చోట వాళ్ళు మధ్యలోకి వెళ్ళి నిలబడాలి. చెయ్యెత్తకూడదు, ఎవరి పక్షమూ పట్టకూడదు. నవ్వకండి, ఆ నలుగురూ ఊరికే నిలబడితేనే ఎన్ని గొడవలు చల్లారిపోయాయో!

మావయ్య కొట్టు అరుగు మీద ఒక మూల కుట్టుమిషను పెట్టుకుని ఒకావిడ రవికలు కుట్టేది. నాకు వరసేమీ కాదు గాని, బజారులో పిల్లలందరం పిన్ని అనే పిలిచేవాళ్ళం. భర్త పోయాక, మావయ్య తండ్రి, అంటే మా తాతగారు, నోటిమాటగా ఇచ్చిన చోటు అది. తాతగారు పోయిన రెండేళ్ళకి మావయ్యకి ఆ మూల అద్దాల షోకేసు పెట్టాలనిపించింది. పిన్నిని లేవమన్నాడు. ఆవిడ సమితికి చెప్పుకుంది.

బియ్యం వారి గోడౌనులో సమావేశం. కుట్టుమిషను కొట్టు కింద లెక్క కాదు గనక పిన్నికి ఓటు లేదు, కుర్చీ కూడా లేదు, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడింది. "నాకేం పెద్ద కోరిక లేదండి. మిషను పట్టి, నేను పట్టేంత చోటండి. పెద్దాయన కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఆయనుంటే నేనిలా వచ్చేదాన్ని కాదండి."

సర్వసభ్య సభలో ఓటు పెడితే, గుంజల కోసం తలలు పగలగొట్టుకున్న రెండు వరసల వాళ్ళూ కలిసి చేతులెత్తారు. కళ్ళారా చూశాను, మావయ్యది తప్ప ఒక్క చెయ్యి కింద లేదు. తర్వాత మండలి. బియ్యం, కొబ్బరి, బంగారం సరేనన్నాయి. ఇనుము తరఫున నాన్న, తన బావమరిది ముఖం చూడకుండా, చెయ్యెత్తాడు.

"నాకు సమ్మతం కాదండి," అన్నాడు మావయ్య.

కిళ్ళీకొట్టు బావ వెనక నుంచి లేచాడు. "తగవున్నోడు ఓటెయ్యకూడదని రూలుండాలి కదండీ? మేష్టారు మొదట్లో చెప్పేరు, నేను విన్నాను."

"ఉండేది బావా. కొట్టేశాం," అన్నాను.

"ఎవరు కొట్టేసేరు?"

నేను కాగితాల్లోకి చూశాను. మేష్టారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కార్యదర్శిగా నా గొంతుతో నేనే చదివాను, తీర్మానం వీగిపోయినదని. ఆ క్షణాన లేచి, ఈ గీత నేను గీశాను, ఇది చెల్లదు అనగలిగేవాణ్ణే, అనలేదు. నాకు అప్పుడు నియమం అంటే ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

మర్నాడు పొద్దున్న మావయ్య మనుషులు మిషను దింపారు. గొడవ అవుతుందేమోనని నీలం తువ్వాళ్ళ వాళ్ళు నలుగురూ వచ్చి నిలబడ్డారు. గొడవ కాలేదు. దింపేటప్పుడు మిషను ఒకవైపు ఒరిగిపోతుంటే, వాళ్ళలో ఒకడు పరుగున వెళ్ళి రెండో పక్క పట్టుకుని జాగ్రత్తగా రిక్షాలోకి ఎక్కించాడు. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో నేను రాసిన వాక్యం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది: బజారులో శాంతికి ఎట్టి భంగమూ కలగలేదు. అక్షరాలా నిజం. ఇన్నేళ్ళలో నేను రాసిన అబద్ధాలేవీ ఆ నిజం అంత నీచంగా లేవు.

పెద్ద సమితి, అదే ఐక్యరాజ్య సమితి, పత్రంలో ఆ వాక్యం ఇప్పటికీ ఉందట, అన్నింటికీ కాదు, కొన్ని రకాల తగవులకి మాత్రమే. దాని పక్కనుంచి తప్పుకుపోయే దారులు పెద్దవాళ్ళకి తెలుసట. చదివినప్పుడు ఒళ్ళు మండింది. అంతంత చదువులు చదివి, అన్ని జెండాల కింద కూర్చుని, వాళ్ళు చేసింది గోలీసోడా తాగుతూ నేను చేసిన పనేనా?

పిన్ని సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటి నరసాపురంలో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళకి ఒక పెళ్ళి పనిమీద అటు వెళ్ళి, వాకబు చేసి, ఇల్లు కనుక్కున్నాను. కళ్ళు ఆనడం లేదు, సూదిలో దారం మనవరాలు ఎక్కించి పెడుతోంది. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియక, నా వంతు తప్పు ఎంతో ఒక పద్ధతిగా చెప్పబోయాను, అందులోనూ కాస్త తగ్గించే చెప్పబోయాను.

"ఆయ్, తెలుసు బాబూ. కిళ్ళీకొట్టాయన చెప్పేడు," అంది. "అయినా అంతమంది చెయ్యెత్తేరు నాకోసం. అది చూసేక రేవు దాటేటప్పుడు ఏడుపు రాలేదు. ఉండు, మజ్జిగ తాగి వెళ్దువుగాని."

ఇవాళ ఆ బజారులో అరుగులే లేవు, రోడ్డు వెడల్పులో పోయాయి. సమితి ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. ఎదురు కొట్టువాడి పేరు తెలియనివాళ్ళు ఇప్పుడు అద్దాల తలుపుల వెనక కూర్చుంటున్నారు. తగవులూ లేవు, ఒక మనిషి గుమ్మం దగ్గర నిలబడి నాకింత చోటివ్వండి అంటే లేచే చేతులూ లేవు. ఆ చేతుల్ని తలుచుకుంటే సంతోషమే. కాని బేరగాణ్ణి గనక లెక్క పూర్తిగా చెప్పాలి. ఆ ఒక్క సంతకంతో మావయ్యకు షోకేసు వచ్చింది, నాకు కార్యదర్శి పదవి వచ్చింది, రెండు వరసలకీ కొన్నేళ్ళ శాంతి వచ్చింది. దానికి ఖరీదు చెల్లించింది మాత్రం, కొనుగోలుదారుల జాబితాలో పేరే లేని ఒక్క మనిషి.