మామ్మ మేపిన పక్కింటి ఆవు

నా చిన్నప్పుడు మేము కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు కూలీల ఇళ్లలో ఉండేవాళ్లం. గంగ కట్ట మీది గడ్డిని మా మామ్మా, పక్కింటి మామా తమ ఆవుల కోసం చెరిసగం పంచుకున్నారు. మామ్మ తన సగాన్ని తాళ్లు కట్టి ముక్కలు చేసింది. ఆవు ఒక ముక్క మేస్తుంటే, మిగతావి చీలమండ దాటేదాకా పెరగాల్సిందే. మామకు ఇదంతా నవ్వులాట. తన ఆవును సగమంతటా వదిలేసి మొదలంటా మేపేశాడు. వానలు పడేసరికి అతని వైపు బురద తప్ప మరేమీ మిగల్లేదు.

అప్పుడతను ఆవును బజారు చెత్తకుప్ప మీదికి తోలడం మొదలుపెట్టాడు. కుళ్లిన కోబీ ఆకులు, వాటి మీద చేపలు కడిగిన నీళ్లు. మా ఆవు చూలుతో వట్టిపోయి ఉంది. మిల్లు మూతపడి, గేటుకు ఎర్రజెండాలు కట్టిన రోజులవి. డబ్బా పాలు కొనలేం. అమ్మకు పాలు చాలక, నెలల పిల్లాడైన మా తమ్ముడు మామ ఆవు ఇచ్చే కంపు పాలే తాగేవాడు. తాగినవన్నీ కక్కేవాడు. రోజురోజుకీ పీలగా అయిపోయాడు.

మామ్మ అడిగితే, "పసోడికి వాసనేటి తెలుస్తాదత్తా?" అన్నాడా మనిషి. ఛీ, అదొక మాటేనా!

మామ్మ ఆ పాలతోనే టీ పెట్టి అతనికి ఇచ్చింది. మొదటి గుక్కకే అతని మొహం ముడుచుకుపోయింది. ఉమ్మేస్తాడనుకున్నాం. ఉమ్మలేదు. చివరిదాకా తాగి, మీసం తుడుచుకుని, "బాగుందత్తా" అని వెళ్లిపోయాడు.

"తాగీసినాడే! ఈడికింక చెప్పీదేటి లేదు," అంది మామ్మ అమ్మతో.

మర్నాడు ఆమె అతని ఆవును విప్పి తెచ్చి, మా చూలావు కోసం దాచిన ముక్కలోకి తోలింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడికి మన గడ్డెందుకని అరిచాను.

"ఆడికి పెడతన్నానేటి? ఆవుకి పెడతన్నాను," అంది.

కొన్నాళ్లకు పాల కంపు పోయింది. తమ్ముడు కక్కడం మానేశాడు. మా ఆవు మాత్రం ఈనేదాకా అరకడుపుతోనే ఉంది. ఆ మామేమో తన ఆవు పాలంత కమ్మటివి లేవని వీధంతా చెప్పుకు తిరిగాడు.

ఇప్పటికీ ఎవరి మీదైనా అసహ్యం పుడితే, ముందు వాళ్లింట్లో ఆకలితో ఉన్నదెవరో చూస్తాను. ఆ ఆకలిగొన్నవాళ్లకు పెడతాను. అసహ్యం పుట్టించిన మనిషి మొహం మాత్రం చూడను.