టైటానియా కప్పేసిన ప్లాటినం

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి. శామీర్‌పేట దగ్గర మా టెస్టింగ్ ల్యాబ్‌లో నా పని, ఫ్యాక్టరీలు పంపే క్యాటలిస్టులను పరీక్షించడం. క్యాటలిస్ట్ అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగంగా జరిపించేది. మా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు ఒక ఆక్సైడ్ పొడి, దాని మీద కంటికి ఆనని లోహపు గుంపులు. ఆ గుంపులు క్లస్టర్లు, కింది పొడి సపోర్ట్. సపోర్ట్‌ను అందరూ ఉత్త పీట అనుకుంటారు. అది ఎంత పెత్తనం చేస్తుందో చెబితే వినేవాళ్లు తక్కువ.

మేడ్చల్‌లో మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న యూనిట్ సబితమ్మది. ఒకరోజు ఆమె సీసా పట్టుకొచ్చింది. లోపల నీలం తిరిగిన బూడిదరంగు పొడి.

“సార్, ఇండ్ల ప్లాటినం ఎంతుందో జూసి చెప్పుండ్రి. మా ఆపరేటర్ యాదగిరి కొట్టేసిండు. రిపోర్టిస్తే స్టేషన్ల కేసు వెడ్త.”

“ఆయనే తీసిండని ఎట్ల తెలిసిందమ్మా?”

“కొత్త క్యాటలిస్ట్ సార్. రియాక్షనే నడుస్తలేదు. తాళాలు గాయన కాడనే ఉంటయి. ఇంకేం గావాలె?”

అప్పటికే యాదగిరిని గేటు దగ్గర నిలబెట్టి, తోటివాళ్ల ముందు టిఫిన్ డబ్బా దాకా వెతికి పంపేశారు. చుట్టుపక్కల యూనిట్ల సూపర్‌వైజర్లందరిదీ ఒకే వాట్సాప్ గ్రూపు. అందులో అతని ఫోటో తిరిగింది. గుండ్లపోచంపల్లి నుంచి దుండిగల్ దాకా అతన్ని ఎవరూ గేటు లోపలికి రానివ్వడం లేదు.

పరీక్షిస్తే ప్లాటినం మొత్తం ఉంది. మైక్రోస్కోప్‌లో క్లస్టర్ల సైజు కూడా మారలేదు. కానీ బాగున్న ప్లాటినం పట్టుకోవాల్సిన హైడ్రోజన్‌ను ఇది పట్టుకోవడం లేదు. జరగని దొంగతనానికి ఒక మనిషిని బజారుకీడ్చారని నాకు ఒళ్లు మండింది. సబితమ్మకు ఫోన్ చేశాను.

“పాత క్యాటలిస్ట్ సపోర్ట్ ఏందమ్మా?”

“అల్యూమినా. గిది టైటానియా. దీంతోని మలినం తక్కువొస్తదన్నరు.”

“వాడే ముందట హైడ్రోజన్‌ల ఎంత వేడి పెట్టిన్రు?”

“పాతదానికి పెట్టినంతనే. పనిజేస్తలేదని మల్ల మల్ల పెంచిపిచ్చిన.”

“పెంచుమన్నది ఎవరు?”

“నేనే సార్.”

అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, ఆ వేడికి చలించదు. టైటానియం ఆక్సైడ్ అయిన టైటానియా అలా కాదు. హైడ్రోజన్‌లో బాగా కాలిస్తే తన ఆక్సిజన్ కొంత పోగొట్టుకుని, పాల మీద మీగడలా ప్లాటినం మీదికి పాకి కప్పేస్తుంది. లోహం ఎక్కడికీ పోదు, పని మాత్రం చేయదు. ఆమె ఎంత కాల్పిస్తే అంతగా చెడింది.

గాలిలో కాల్చి, ఆపైన హైడ్రోజన్‌లో కొద్దిగా వేడి చేస్తే ఆ పొర పోతుంది. సబితమ్మను ల్యాబ్‌కు పిలిపించి చేసి చూపించాను. పొడి మళ్లీ పనిచేసింది. ఆమె నా ముందే యాదగిరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“యాదగిరీ, తప్పయింది. ఎవ్వలు ఏం తియ్యలే. రేపటి సంది పనికి రా.”



“మేడం, నా బిడ్డ బడికి పోతలేదు. దొంగ బిడ్డ అంటున్నరంట. గంతమంది ఫోన్లకెల్లి నా ఫోటో తీపిస్తరా?”

సబితమ్మ ఆ వాట్సాప్ గ్రూపులోనే నా రిపోర్ట్ పెట్టించింది. ఒకరెవరో బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. అంతే. యాదగిరి రాలేదు. తర్వాత పని దొరికిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఎవరైనా లోహం పోయిందంటూ సీసా తెస్తే, మూత తీయకముందే అడుగుతాను, “ఇప్పటికే ఎవరినైనా దొంగ అన్నారా?” అని. లేదన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ రాలేదు.