నన్ను దాచిపెట్టిన రోజులు

ఈ మధ్య కట్టే ఇళ్ళలో అద్దాలు మరీ పెద్దవి పెడుతున్నారు. మా అబ్బాయి కొత్తింట్లో స్నానాలగదికి ఒక గోడంతా అద్దమే. దాని నెత్తిన ఆసుపత్రిలో ఉండేలాంటి తెల్లటి దీపం. పొద్దున్నే పళ్ళు తోముకుందామని వెళితే, ఎవరో పెద్దావిడ అప్పటికే అక్కడ నిలబడి, నువ్వెందుకొచ్చావన్నట్టు చూస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో ఇలాంటి బాధలు లేవు. మా ఇంటి మొత్తానికీ ఉన్న అద్దం, తాతయ్య గడ్డం గీసుకోడానికి వసారా స్తంభానికి వేలాడదీసిన అరచేతంత ముక్క. అందులో ఒకసారికి ఒక కన్ను కనబడేది. కాస్త వంగితే ముక్కు, ఇంకాస్త వంగితే పెదవి. అన్నిటినీ విడివిడిగా చూసుకుని, ఒకచోట చేర్చుకునే పని మాత్రం మనదే. అలా చేర్చుకునేటప్పుడు ఎవరైనా తమ ముఖం విషయంలో కొంత ఉదారంగానే ఉంటారు. పదిహేడేళ్ళ ఆడపిల్ల అయితే మరికాస్త.

అరవైల చివర మాట. శ్రీకాకుళానికీ కళింగపట్నానికీ మధ్య వరి పండించుకునే ఊరు మాది. నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి పి.యు.సి. చదువుతూ, సెలవులకి ఇంటికొచ్చి అందరికీ సలహాలు ఇస్తూ ఉండేదాన్ని. పెదనాన్న కూతుర్ని నేను అప్ప అని పిలిచేదాన్ని. చిన్నప్పటినుంచీ ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే దువ్వెనకి దెబ్బలాడుకున్నాం. ఆవిడకి మొదటి పెళ్ళిచూపులు నా దసరా సెలవుల్లో జరిగాయి. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి, తల వంచుకు కూర్చున్న అప్పని "పాటలేమైనా వచ్చా అమ్మా?" అని అడిగింది. అప్ప మాట్లాడలేదు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం మర్యాద కాదని, పక్కనున్న నేను "రావండి. అయినా పాడుతుంది" అన్నాను. ఆవిడ "వంట?" అంది. "అదీ అంతేనండి" అన్నాను. (ఉన్నమాట చెప్పాను. దానికి కల్పించిందేమీ లేదు.) వాళ్ళు పకోడీలు తిని, ఊరెళ్ళి ఉత్తరం రాస్తామన్నారు. రాయలేదు. జాతకాలు కుదరలేదేమో అనుకున్నాను.

ఆ తర్వాత నేను సెలవులకి ఇంట్లో ఉండగా ఎప్పుడు సంబంధం వాళ్ళు వచ్చినా, బండి ఊరి మొదట్లో కనబడగానే, మామ్మ నన్ను పెరటి దారిన పక్కింటికి పంపేసేది. మామ్మ అంటే నాన్న తల్లి. మా ఇంట్లో ఆవిడ మాటకి పైకోర్టు లేదు. "ఒలే, బెల్లమత్త దగ్గరికెళ్ళి కూకో. ఆళ్ళెళ్ళిపోయాక కబురెడతాను. గోడ మీంచి తొంగిసూసినావంటే కాళ్ళిరగ్గొడతాను" అనేది. ఎందుకో చెప్పేది కాదు. బెల్లమత్త మాకు చుట్టమేమీ కాదు. వాళ్ళాయన బెల్లం వ్యాపారం చేసేవాడు, అందుకని ఆ పేరు. నన్ను వాళ్ళ బెల్లం గదిలో కూర్చోబెట్టేవారు. పైన ఒక పెంకు జరిగి ఉండేది. అందులోంచి ఎండ సన్నటి కర్రలా నేలదాకా దిగి, మధ్యాహ్నమంతా ఒక దిమ్మ మీంచి ఇంకో దిమ్మ మీదికి మెల్లగా జరిగేది. తీపివాసనకి కళ్ళు మూతలు పడేవి. గోడకి అవతల మా ఇంట్లో గ్లాసుల చప్పుడు, ఎవరో మగవాళ్ళ దగ్గు, కొంచెంసేపు నిశ్శబ్దం. అప్ప కాఫీ పట్టుకుని వస్తూ ఉంటుందని ఊహించుకునేదాన్ని. ఆ నిశ్శబ్దంలో మాట సాయం చేసేవాళ్ళు లేక ఎంత ఇబ్బంది పడుతోందో అనుకునేదాన్ని.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, ప్రతిసారీ నన్నెందుకు పంపేస్తారు?"

బెల్లమత్త చేస్తున్న పని ఆపి నా ముఖం వైపు చాలాసేపు చూసింది. "ఎందుకేటి. పెళ్ళికూతురి పక్కని అంతకన్న బాగున్న గుంట కూకుంటే, వచ్చినోళ్ళు ఆ గుంటనే అడుగుతారు. మా సెల్లెలికి అలగే అయినాది. అందుకని దాసీస్తారు. ఇదిగో, తిను" అని ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

పి.యు.సి.లో నేను తర్కశాస్త్రం తీసుకున్నాను. అందమైన పిల్లల్ని దాస్తారు. నన్ను దాచారు. కాబట్టి నేను అందమైన పిల్లని. (ఆ సబ్జెక్టులో నాకు మంచి మార్కులే వచ్చాయి. మా లెక్చరరుగారిది మెత్తని మనసు.) బెల్లం చప్పరిస్తూ, ఎండ కర్రని చూస్తూ, నా పరిస్థితి గురించి ఆలోచించాను. అప్ప మీద జాలి వేసింది. పాపం, నాలాంటిది పక్కనే పుట్టడం ఆవిడ తప్పు కాదు కదా. ఆ రోజునుంచి నా వల్ల ఎవరికీ అపకారం జరగకూడదని వీధిలో తల వంచుకుని నడిచేదాన్ని. ఆ ఏడాది మా వీధిలో ఏ కుర్రాడూ నా వంక చూసిన దాఖలా లేదు. నేను తీసుకున్న జాగ్రత్త అలాంటిది.

చివరికి పాతపట్నంలో స్కూలు మాస్టారి సంబంధం కుదిరింది. నేను అప్పుడు కూడా బెల్లం గదిలోనే ఉన్నాను. నా వేసవి సెలవులు అప్పుడే మొదలయ్యాయి, అవి అయ్యేలోపే ముహూర్తం పెట్టారు. ఆ సాయంత్రం అప్ప నన్ను బావి దగ్గరకి తీసుకెళ్ళి, "నాకు భయమేస్తన్నాదే. ఆ ఊరేటో, ఆ మనుషులేటో. తోడిపెళ్ళికూతురిగా నువ్వొస్తావు గదా?" అంది. మా వైపు తోడిపెళ్ళికూతురంటే పెళ్ళంతా పెళ్ళికూతురి పక్కనే కూర్చుని, అత్తవారింటికి కూడా వెళ్ళి, కొత్తచోట మొదటి రాత్రులు తోడుండే పిల్ల. కొత్త పట్టుపరికిణీ ఒకటి ఉంటుంది, అది వేరే సంగతి. నాకు కావలసింది అత్తవారింటికి వెళ్ళే బండిలో అప్ప పక్కన చోటు. మా చాప మీద ఇకనుంచి నేనొక్కదాన్నే పడుకోవాలన్న సంగతి అప్పటికింకా నాకూ మింగుడుపడలేదు.

కాని నా అందం అడ్డొచ్చింది. పెళ్ళిచూపులకే దాచినవాళ్ళు పెళ్ళిపీటల పక్కన ఎలా కూర్చోనిస్తారు. బాగా ఆలోచించి, అందం తగ్గించుకోవాలని తీర్మానించాను. కళింగపట్నంలో మా పిన్ని ఉండేది. చూసి చాలా రోజులైందని చెప్పి అక్కడికి చేరాను. రోజూ గొడుగు లేకుండా రేవుకి వెళ్ళి, ఇసకలో, మిట్టమధ్యాహ్నం, సూర్యుడికి ఎదురుగా కూర్చునేదాన్ని. వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్ళు రెండు రంగులుగా ఉండి, ఏ రంగు ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. పడవలు ఆ ఎండలో నీళ్ళమీద కాకుండా గాలిలో తేలుతున్నట్టుండేవి. నేను కళ్ళు సగం మూసుకుని, అప్ప పక్కన బండిలో వెళుతూ ఉండేదాన్ని. అప్ప నా భుజం మీద తల పెట్టుకునేది. పాతపట్నం ఎంతకీ వచ్చేది కాదు, రావాలని మాకూ ఉండేది కాదు. పక్కన చేపలు ఆరబెట్టుకునే ఆవిడ కొన్నాళ్ళు నన్ను ఊరికే చూసి, ఒకనాడు దగ్గరకొచ్చింది.

"ఏటమ్మా, రోజూ ఇలగ ఎండలో కూకుంతన్నావు?"

"నల్లబడాలని" అన్నాను.

ఆవిడకి అందులో వింతేమీ కనబడినట్టు లేదు. "అలగయితే ఓపక్కే ఎండితే సాల్దు తల్లీ. మజ్జిమజ్జిన తిరగెయ్యాల" అని చెప్పి, తన చేపల్ని తిరగేసుకోడానికి వెళ్ళిపోయింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి మా కుక్క నన్ను నా గొంతుని బట్టి గుర్తుపట్టింది. సరిగ్గా ఆ రోజే మామ్మ వసారాలో కూర్చుని తోడిపెళ్ళికూతురి సంగతి తేల్చేస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా, వెలుతురు బాగా పడేచోట నిలబడ్డాను. మామ్మ నన్ను దాటి చూసి, "బొమ్మని కూకోబెడదాం" అంది.

బొమ్మ మా మేనత్త కూతురు. ముట్టుకుంటే మాసిపోయేలా ఉండేది. మా చుట్టాలందరిలోకీ అందగత్తె. మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. (అలవాటైన పనే.)

"అదేమిటి మామ్మా, బొమ్మ అప్పకన్నా బాగుంటుంది కదా" అన్నాను.

"ఉంటే ఉన్నాది. సంబంధం కుదిరిపోయింది గదా, అందవేటి సేస్తాది? ఆ గుంట నోరిప్పదు. నాకదే సాలు."

"మరి నన్ను అందుకే కదా దాచారు, బాగుంటానని?"

మామ్మ తమలపాకుకి సున్నం రాయడం ఆపింది. "బాగుంతావని నీకెవలు సెప్పినారే? బొబ్బిలి సంబంధం నీ నోటికే గదేటి తగలడిపోనాది. 'అయినా పాడుతాది' అంతావా? నీ నోటికి బుట్ట బోర్లించడం నావల్ల కాక, నిన్నే అట్టుకెళ్ళి బెల్లం గదిలో ఎట్టినాను." తర్వాత నన్ను పైనుంచి కిందికి మెల్లగా చూసింది. "అదలగుంచు. ఇలగ కాలిపోనావేటి? పిన్నింట్లో నీడ లేదేటి?"

పెరటి దారిన, నా అంతట నేనే, బెల్లమత్త ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి, "మీ మామ్మ సెప్పీసినాదేటి?" అంది. నేను తల ఊపాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక బెల్లం ముక్క తెచ్చింది. ఆ రోజు ముక్క కొంచెం పెద్దది.

పెళ్ళిలో బొమ్మ పట్టుపరికిణీ కట్టుకుని అప్ప పక్కన దీపంలా కూర్చుంది. నేను పనులు చూస్తూ తిరిగాను. అప్పగింతలకి ముందు, శ్రీకాకుళం నుంచి పిలిపించిన ఫొటోగ్రాఫరు అందరినీ వరసలుగా నిలబెట్టాడు. మబ్బు పట్టింది. వెలుతురు చాలడం లేదని, తను చెప్పేదాకా ఎవరూ రెప్ప కూడా వెయ్యొద్దని చెప్పి, మూడుకాళ్ళ కెమెరా వెనక నల్లగుడ్డలో దూరాడు. నేను సరిగ్గా అప్ప కుర్చీ వెనక ఉన్నాను. ముఖం కనబడటం లేదు గాని, భుజాలు వణుకుతున్నాయి. బయట బండి కడుతున్నారు. అందులో నాకు చోటు లేదు. నేను వంగి ఆవిడ చెవిలో, "అక్కడ ఎవరైనా అడిగినా సరే, పాడకే అప్పా" అన్నాను.

ఆ ఫొటో ఇప్పటికీ పాతపట్నంలో అప్ప ఇంటి గోడకి ఉంది. మా కాలపు పెళ్ళిఫొటోల్లో పెళ్ళికూతురు నవ్వుతున్నది నేను చూసినంతలో అదొక్కటే. ఏడుపులోంచి జారిపడిన కొసనవ్వు, స్పష్టంగా పడింది. బొమ్మ బొమ్మలాగే పడింది. అప్ప కుర్చీ వెనక ఒక పరికిణీ, ఓణీ, రెండు జడలు, వాటి మధ్య ముఖం ఉండవలసిన చోట చిన్న పొగమంచు. అందువల్ల ఆ వేసవిలో నేను ఎలా ఉండేదాన్నో తేల్చగల సాక్ష్యం ఈ లోకంలో లేదు. బెల్లమత్త మాట ఒక్కటే ఉంది. ఈ వయసులో, ఆ పెద్ద అద్దాల ముందు నిలబడ్డప్పుడు, నేను ఆవిడ మాటే నమ్ముతూ ఉంటాను.

మొన్న నేను వెళ్ళినప్పుడు, అప్ప మనవరాలు ఆ ఫొటో కింద నిలబడి, "ఈ మొహం లేనావిడ ఎవరు మామ్మా?" అని అడిగింది. ఆ రోజుల్లో కొందరి అందాన్ని కెమెరాలు తట్టుకోలేకపోయేవని చెబుదామని నేను గొంతు సవరించుకుంటున్నాను. అప్ప బెండకాయలు తరుగుతూ, తలెత్తకుండానే అంది.

"మీ చిన్నమామ్మేనే. నోరు మూసుకునుంటే మొగం పడేది."