పెద్ద మేడకు పెంకుటింటి పన్ను

డబ్బున్నవాళ్ల మీద పన్ను పెంచాలని టీవీలో ఎవరైనా మాట్లాడుతుంటే నేను చానల్ మార్చేస్తాను. ఆ మాట తప్పని కాదు. ఒకసారి పెంచి చూసినదాన్ని, అందుకు.

నేను పంచాయతీ కార్యదర్శిని. సత్తుపల్లి దాటి అడవి వైపు వెళ్లే దారిలో ఒక వాగుకు ఇవతల మా తండా, అవతల ఊరు. రెండూ ఒకే పంచాయతీ. సొంత పంచాయతీలో ఎవరికీ పోస్టింగ్ ఇవ్వరు గానీ, అక్కడి కార్యదర్శి పెద్ద సెలవు మీద పోవడంతో కొన్నాళ్లు ఇన్‌చార్జిగా నాకే అప్పజెప్పారు. మా యాడి, అంటే మా అమ్మ, ఆ సంగతి తండా అంతా తిరిగి చెప్పుకుంది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. వానలు పడితే వాగు పొంగుతుంది. అంబులెన్సు ఊరి వైపు ఒడ్డునే ఆగిపోతుంది. యాడికి గుండె జబ్బు. ఎలాగైనా వాగు మీద కల్వర్టు కట్టించాలనుకున్నాను.

మండలాఫీసులో అడిగితే సగం మేమిస్తాం, మిగతా సగం మీ పంచాయతీ సొంత ఆదాయంలోంచి పెట్టుకోండి అన్నారు. సొంత ఆదాయమంటే ఇంటి పన్నే. ఎవరెంత కడుతున్నారో చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊళ్లో పెద్దాయనది మూడంతస్తుల మేడ. లోపల లిఫ్టు కూడా ఉంది. ఆయన తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నాడు. ఇప్పుడు వాళ్లకు పామాయిల్ తోటలు, ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీ. మేడ ఉన్న చోట ఒకప్పుడు పెంకుటిల్లు ఉండేదట. పన్ను ఇంకా ఆ పెంకుటింటిదే కడుతున్నారు. మా రేకుల ఇంటికి యాడి కట్టేదానికీ దానికీ పెద్ద తేడా లేదు.

టేపు పట్టుకుని వెళ్లాను. పెద్దాయన కోప్పడలేదు. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, "కొలుచుకోమ్మా, నీ డ్యూటీ నువ్వు చెయ్యాలి కదా" అన్నారు. నేను కొలుస్తుంటే వెనకే నడుస్తూ మెల్లగా చెప్పుకొచ్చారు. "నేను ఇవ్వనివాణ్ణి కాదమ్మా. గుడికిచ్చాను, బడికి బెంచీలిచ్చాను, శవాల్ని ఉంచడానికి ఫ్రీజర్ బాక్సు కొనిచ్చాను. నేనిచ్చింది కళ్లకు కనబడుతుంది. మీ ఆఫీసుకు కట్టింది ఎటుపోతుందో నువ్వే చెప్పు. మీరు వేసిన సిమెంటు రోడ్డు ఒక్క వానకు లేచిపోయిందా లేదా?"

లేచిపోయింది. కాదనను. కానీ మా ఆఫీసు తింటే నిలదీసే హక్కు తండాలో ప్రతి మనిషికీ ఉంది. ఆయన దానాన్ని నిలదీసే హక్కు ఎవరికుంది? బెంచీలెందుకిచ్చావు, కల్వర్టెందుకు కట్టించలేదు అని ఎవరడుగుతారు? దానమిచ్చిన ఆవుకు పళ్లెంచకూడదాయె.

గ్రామసభ పెట్టాం. చిన్న ఇళ్లకు పాత పన్నే ఉంచి పెద్ద మేడలకు పెంచుదామని, ఆ డబ్బుతో కల్వర్టు కట్టుకుందామని చెప్పాను. పెద్దాయన రాలేదు. రావలసిన అవసరం కూడా పడలేదు. ఆయన తోటలో పనిచేయించే మేస్త్రీ లేచి, "ఆయనింట్ల మజ్జిగ తాగి ఆయనిల్లే కొలిచింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటే గిదే" అన్నాడు. అందరూ నవ్వారు. వద్దనేవాళ్లు చెయ్యెత్తండి అనగానే తండావాళ్ల వరసలో మొదట లేచిన చెయ్యి మా యాడిది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక అడిగాను. "కల్వర్టు ఎవరి కోసం అడుగుతున్న యాడీ? నీ కోసం కాదా?"

"నాకు తెల్వదా బిడ్డా? పెద్దయ్యకు కోపమొస్తే తోటల పని ఎవరిస్తరు? మీ బాపు ఆఖరుకు దవాఖానల పడ్డప్పుడు పైసలు కట్టింది ఎవరు, సర్కారా?"

"ఆయన పెట్టేది మన కష్టంలకెల్లే కదా."

"అవ్, మన కష్టమే. అయినా ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యే గద పైనుండేది" అంది యాడి.

ఆమె తెలివితక్కువ మనిషి కాదు. అన్నీ తెలిసే చెయ్యెత్తింది. అందుకే ఆమె మీద వచ్చినంత కోపం నాకు పెద్దాయన మీద కూడా రాలేదు. ఆ పూట అన్నం తినలేదు.

సభ వద్దన్నా నేను రాసి పంపితే పై అధికారులు మాత్రం పెంచడానికి ఒప్పుకున్నారు. గెలిచాననుకున్నాను. నెల తిరక్కుండానే మేడ మూడిళ్లయింది. కింది అంతస్తు ఆయనది, మధ్యది పెద్ద కొడుకుది, పైది చిన్న కొడుకుది. మూడు తలుపులు, మూడు నంబర్లు, అంతా చట్టప్రకారమే. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మేడ కాదు. మిగతా మేడలూ అదే దారి పట్టాయి. చివరికి పెంచిన పన్ను పడింది ఒక్క రిటైర్డు నర్సుకు. సర్వీసంతా దాచుకున్న డబ్బుతో కట్టుకున్న డాబా ఆమెది. పంచి రాయడానికి కొడుకులు లేరు. నోటీసు అందిన మర్నాడే వచ్చి కట్టి వెళ్లింది. ఆమె ఇంటి ముందు నుంచి నడవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఉన్నవాళ్లు ఎక్కువ కట్టడం న్యాయమేనా అంటే న్యాయమే అంటాను, ఎవరి ముందైనా అంటాను. ఫలితముంటుందా అని మాత్రం నన్నడగొద్దు. అసలు కార్యదర్శి సెలవు ముగించుకుని వచ్చాడు, నేను నా పంచాయతీకి పోయాను. కల్వర్టు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతి వానాకాలంలో నేను ఇంటికొచ్చి ఉండగా ఒక పొద్దున యాడికి ఊపిరాడలేదు. వాగు నిండుగా పోతోంది. అవతలి ఒడ్డున అంబులెన్సు వచ్చి నిలబడింది. దాని మీద తిరిగే లైటు మాకు కనబడుతూనే ఉంది. మంచంతో ఎత్తుకుని దాటించబోతే నీళ్లు మనుషుల్ని నిలవనియ్యలేదు, వెనక్కి తెచ్చేశారు. ఒడ్డు మీదే, నా ఒళ్లోనే పోయింది.

మధ్యాహ్నానికి నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. అడవి వాగులంతే. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసే మా అన్న, దారులు మునగడంతో మర్నాటికి గానీ రాలేడని తెలిసి, పెద్దాయన మేమడక్కుండానే ఫ్రీజర్ బాక్సు పంపించారు. దాన్ని భుజాల మీద మోస్తూ వాగు దాటించారు. యాడిని పడుకోబెట్టి మూత వేశాం. అద్దం మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో పెద్దాయన తండ్రి పేరు, కింద జ్ఞాపకార్థం అని ఉంది. ఆ అక్షరాల సందుల్లోంచే ఆమె ముఖం చూసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం పెద్దాయనే వచ్చారు, పంచె పైకి కట్టుకుని, తడి కాళ్లతో. దండ వేసి నా తల మీద చెయ్యి పెట్టారు. ఆయన నిజంగానే ఏడ్చారు. "వాగు మీద చిన్న వంతెన ఉన్నా బతికేదమ్మా. ఇన్నేళ్లుగా ఈ ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు?" అన్నారు.

తండా అంతా అవునంది. కరెంటు పోతే కబురు చెయ్యమని, జనరేటరు కూడా పంపుతానని అన్నారాయన. నేను రెండు చేతులూ జోడించి, "మీ దయ అయ్యా" అన్నాను.