నొప్పి లేదంటే నమ్మని మనిషి

మా అమ్మాయి అత్తగారు పోయిన నెల కన్నుమూశారు. పర్చూరు నుంచి అల్లుడి ఫోను రాగానే, "ఏం దాస్తున్నావు నాయనా? అమ్మాయికేమన్నా అయిందా?" అన్నాను. "మీ అమ్మాయి బాగానే ఉంది మావయ్యా. మా అమ్మే..." అని ఏడ్చాడు. అలా ఆరా తీయడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆవిడకి ఎవరి మీదా నమ్మకం లేదండీ. మిర్చి బస్తా తూస్తుంటే కాటా కిందికి వంగి చూసేవారు. పాలు పోయించుకుంటూ వేలు ముంచి చూసేవారు. "మీరు నవ్వుతున్నారంటే ఏదో ఉంది అన్నయ్యగారూ" అని నన్నూ వదిలేవారు కాదు.

కిందటేడు క్యాన్సరని మా అమ్మాయికి ఒకవైపు రొమ్ము తీసేశారు. ఆపరేషన్ అయ్యాక మా ఇంటికి తీసుకుపోతానన్నాను. "మీరు బాధపడతారని నొప్పంతా మింగేస్తుంది. నా దగ్గరైతే ఆ ఆటలు సాగవు" అన్నారు ఆవిడ.

నిజంగానే సాగలేదు. చంక కింద మెత్తటి చిన్న దిండు పెట్టేవారు. నొప్పి ముదరకముందే మాత్ర పడాలని నర్సమ్మ చెప్పిందట, మింగాక నోరు తెరిపించి మరీ చూసేవారు.

"నేనేమన్నా పసిపిల్లనా అత్తయ్యా?"

"పసిపిల్లవైతే ఏడ్చేదానివి. నవ్వుతున్నావు, అదే నా భయం."

చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ కాస్త కదిలించమన్నారని, పెరట్లో బట్టలారేసే దండేన్ని నడుమెత్తుకు దించి కట్టించారు. తడి తువ్వాలు అమ్మాయే ఆరెయ్యాలి. "నొప్పి లేదత్తయ్యా, ఇంకొంచెం పైకి కట్టించండి" అంటే, ఆవిడ చూపు చేతి మీద కాదు, పెదవుల మీద ఉండేది.

"పెదవి కొరికావు. పైకి లేదు, ఏం లేదు. ఆరెయ్యి."

కొన్నాళ్లకి అమ్మాయి తిండి తగ్గించేసింది. నేను చూడ్డానికి వెళ్లిన రోజున, ఆవిడ తన కంచం కూడా పక్కకి నెట్టి, "ఏం దాస్తున్నావో చెప్పు. అందాకా నాకూ ముద్ద దిగదు" అని మొండికేశారు.

అమ్మాయి తలొంచుకుంది. "తీసేసిన రొమ్ములోనే సలుపుతోంది అత్తయ్యా. లేనిదాంట్లో నొప్పేంటి? పిచ్చెక్కిందంటారని చెప్పలేదు."

కాటాని నమ్మని మనిషి, కన్నకొడుకు మాటైనా రెండుసార్లు అడిగే మనిషి, ఆ మాటని మాత్రం రెండోసారి అడగలేదు. "నువ్వు ఉందంటే ఉన్నట్టే. పద ఆస్పత్రికి" అని లేచారు.

నరాలు తెగినందువల్ల అలా ఉంటుందనీ, అదీ నిజమైన నొప్పేననీ చెప్పి డాక్టరమ్మ మందు మార్చింది. నెలలు పట్టింది గానీ, తగ్గిందండీ! నా తల్లి మళ్లీ కడుపునిండా తింటుంటే ఆ ఇంటి గడపకి దణ్ణం పెట్టాలనిపించింది. "మరీ సంబరపడకండి అన్నయ్యగారూ, ఇంకా చూడాలి" అన్నారు ఆవిడ, నెయ్యి వడ్డిస్తూ.

పెద్దకర్మ మర్నాడు పెరట్లోకి వెళ్లాను. దండెం మళ్లీ మునుపటిలా తలకి పైఎత్తున ఉంది. పోయే ముందు ఆవిడే దగ్గరుండి కట్టించారట. అమ్మాయి అత్తగారి చీర ఉతికి, మునివేళ్ల మీద లేచి, ఆపరేషనైన వైపు చేత్తోనే ఈ కొస నుంచి ఆ కొసదాకా పరిచింది. నాకు పట్టలేని ఆనందం, వెనకే ఏడుపు.

అమ్మాయి వసారాలో ఆవిడ కూర్చునే ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "నొప్పి లేదత్తయ్యా" అంది.

నేను గబగబా దాని పెదవుల వైపు చూశాను. కొరకలేదు. తడిచీర నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి.