పక్కింటి పగడాలు

మణుగూరు క్వార్టర్లలో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పగడాలు పెంచిన మొదటి మనిషి చాంది. దమ్మపేట దగ్గరి తండాలో పుట్టి, దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ అయింది. భర్త రాందాస్ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ లారీ నడుపుతాడు. చాంది ఒకసారి విశాఖలో ఏదో హోటల్లో పగడాల ట్యాంకు చూసి, భోజనం చల్లారిపోతున్నా దాని ముందు నుంచి కదల్లేదు. ఇంటికొచ్చాక చదివింది, అడిగింది, హైదరాబాద్ నుంచి ఉప్పు, పంపులు, లైట్లు తెప్పించింది.

పక్క క్వార్టరులో ఉండే శ్రీదేవి టీచర్ అది చూసి ముచ్చటపడి తనూ ఒక ట్యాంకు పెట్టుకుంది. చాంది దగ్గరుండి అన్నీ నేర్పింది. తన టార్చ్ కోరల్ నుంచి ఒక కొమ్మ కోసి ఇచ్చింది కూడా. పొడుగాటి వేళ్లలాంటి కొసలతో, బంగారు చుక్కలతో నీళ్లలో ఊగే పగడం అది.

అది శ్రీదేవి ఇంట్లో గుత్తులు గుత్తులుగా విచ్చుకుంది. చాంది ఇంట్లో మాత్రం ఇచ్చిన రోజు ఎంతుందో అంతే ఉంది.

"మీ పక్కింట్ల ట్యాంకు మస్తుందట గదా?" అని దవాఖానాలో నర్సు సుబ్బరత్నం అడిగినప్పుడు, అందులో ఉన్నది తన పగడమేనని చాంది చెప్పలేకపోయింది. చెబితే మరి నీ దగ్గర ఎందుకు పెరగలేదని అడుగుతుంది. అవ్, బాగుంటదని నవ్వి, సూది తీసుకుని పక్క మంచానికి వెళ్లిపోయింది. ఆ నవ్వు ఎంతసేపో మొహానికి అతుక్కునే ఉంది.

తర్వాత ఏదో వంకతో రోజూ శ్రీదేవి ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. మాట్లాడేది శ్రీదేవితో, చూసేది ట్యాంకును. అక్కడి లైటు తనదానికన్నా తెల్లగా వెలుగుతున్నట్టు అనిపించింది. ఇంటికొచ్చి తన లైటును ఒక్కసారిగా పెంచేసింది. అలా చేయకూడదని శ్రీదేవికి నేర్పింది తనే.

వారం తిరక్కుండా టార్చ్ కోరల్ వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. పైభాగం పాలిపోయింది. శ్రీదేవి వచ్చి ట్యాంకు ముందు వంగి చూసింది.

"అక్కా, పైనే తెల్లగైంది. కింద నీడకున్న కాడ రంగు అట్లనే ఉన్నది. లైటు ఎక్కువైందేమో?"

"గట్లేం లేదు. ఎండలకు నీళ్లు వేడెక్కినయ్," అంది చాంది.

శ్రీదేవి వెళ్లాక చాంది ట్యాంకు మీద ఫ్యాన్లు పెట్టింది. నీళ్లు ఆవిరై ఉప్పు పెరిగి పగడం ఇంకా ముడుచుకుంది. అయినా లైటు జోలికి పోలేదు.

అన్నం తింటూ రాందాస్ అన్నాడు: "ఆమె చెప్పిందని తగ్గిస్తలేవు. అంతే గదా?"

చాంది కంచం పక్కకు నెట్టి లేచింది. ఫోన్ టార్చి వేసి పగడాన్ని కింది నుంచి చూసింది. అక్కడ గోధుమరంగు చెక్కుచెదరలేదు. పగడం ఒంట్లో ఉండే సన్నటి నాచే దానికి రంగు, తిండి. వేడికైతే ఒళ్లంతా పాలిపోయేది. వెలుగు మితిమీరితే వెలుగు తగిలిన మేరకే ఆ నాచును కక్కేస్తుంది. ఇదంతా ఆమెకు తెలియంది కాదు. లైటు తగ్గించింది. అప్పటికే సగం కొమ్మల కండ ఊడిపోయి తెల్లటి ఎముక మిగిలింది. మిగతా సగం బతికింది.

వానలు పడుతుండగా ఒక పొద్దున శ్రీదేవి తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "అక్కా, జల్దీ రా! అన్నీ ముడుచుకున్నయ్, జిగట కారుతాంది. చేపలు కూడా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్."

ఆ మాట వినగానే చాంది మనసులో మొదట పుట్టింది సంతోషమే. గొడుగు వెతుక్కుంది, చెప్పులు వేసుకుంది, నిదానంగా నడిచింది.

శ్రీదేవి ఇంటి గుమ్మంలోనే ఘాటైన వాసన కొట్టింది. కిటికీ ఊచలకు కొత్త రంగు. వానకని తలుపులన్నీ బిగించారు.

"రాత్రి రంగేసిన్రా?"

"అవ్, నిన్న సాయంత్రం. ఎందుకక్కా?"

"లైటు తప్పయితే ఒకటో రెండో పాడైతయ్. చేపలతో సహా అన్నీ ఒకేసారి పడ్డయంటే నీళ్లల్లకు ఏదో చేరినట్టే. నీ గాలి పంపు ఈ వాసననంతా పీల్చి ట్యాంకుల పోస్తాంది. కిటికీలు తెరువు. నీళ్లు మార్చాలె."

"ఉప్పునీళ్లు కలిపినవి లేవక్కా."

చాంది ఇంట్లో డ్రమ్ము నిండా ఉన్నాయి. తన ట్యాంకు కోసం కలిపి పెట్టుకున్నవి. నావి కూడా లేవని అనడానికి నోరు తెరిచింది. కానీ ఆ డ్రమ్ము వరండాలోనే ఉంది, వచ్చిపోయేవాళ్లందరూ చూసిందే. "ఉన్నయ్, పట్టు," అంది.

ఇద్దరూ బకెట్లతో మోశారు. ఫిల్టరులో విషాన్ని పీల్చేసే కొత్త కార్బన్ వేశారు. కొద్ది రోజుల్లో పగడాలన్నీ మళ్లీ విచ్చుకున్నాయి.

శ్రీదేవి ఊరంతా చెప్పింది, చాంది అక్క లేకపోతే నా ట్యాంకు ఖతమయ్యేదని. సుబ్బరత్నం దవాఖానాలో చాందిని ఆపి మరీ అంది: "ఆ టీచరమ్మ ఎంత మంచిది! పేరంతా నీకే ఇస్తాంది."

ఆ మంచితనం మీద కూడా చాందికి అసూయ పుట్టింది. ఆ సాయంత్రం రాందాస్‌కు చెబితే అతను పడీ పడీ నవ్వాడు. కాసేపటికి ఆమెకూ నవ్వొచ్చింది, కానీ కడుపులో మంట చల్లారలేదు.

ఇప్పుడు శ్రీదేవి ఏ చిన్న అనుమానం వచ్చినా ఫోటో తీసి పంపుతుంది. చాంది ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, మూలమూలా వెతుకుతుంది, ఎక్కడైనా పాలిపోయిందేమోనని. ఏమీ దొరకదు. కొంచెం ఆగి, "బాగున్నయ్, ఏం కాలే" అని రాస్తుంది.